పని ఎవరిది, పేరెవరిది

ఈ మాటలు జరిగింది ఒమన్‌లోని బౌషర్‌లో, ఘాలా వైపున్న ఒక తెలుగువారింట్లో, శుక్రవారం భోజనాలయ్యాక. మామయ్య బాలానగర్, బొల్లారం, పాశమైలారం బల్క్ డ్రగ్ కంపెనీల్లో ప్రొడక్షన్ చూసి రిటైరై, విజిట్ వీసా మీద వచ్చిన మనిషి. మేనకోడలు గ్రాఫీన్ మీద పల్లాడియం రేణువులు కూర్చి పీహెచ్‌డీ చేసింది. పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి పన్నెండో తరగతికి కెమిస్ట్రీ చెబుతోంది. వాళ్లాయనా నేనూ కూడా అక్కడే కూర్చున్నాం గానీ మాకు నోరు తెరిచే సందు దొరకలేదు. ఒక పక్క 1976లో మొదలైన ఘుబ్రా మంచినీటి ప్లాంటు, ఇంకో పక్క ఎక్స్‌ప్రెస్‌వేని ఆనుకున్న ఇసుక తిన్నెలు. ఈ రెండిటి మధ్య ఉత్ప్రేరకాల గోలేమిటని నాకూ అనిపించింది. విన్న కొద్దీ వదల్లేకపోయాను.

మామయ్య: నీ థీసిస్ తిరగేశానమ్మాయ్. రెండో చాప్టర్ దగ్గరే ఆగిపోయాను. పారా నైట్రోఫినాల్‌లో సోడియం బోరోహైడ్రైడ్ వేశావు, పసుపు రంగు చిక్కబడింది. చిటికెడు గ్రాఫీన్ వేశావు, పసుపు పోయింది. 400 నానోమీటర్ల దగ్గర శిఖరం కూలి 300 దగ్గర చిన్నది లేచింది. అంతే, పేపరైపోయింది! నానో అనే ప్రతివాడూ ఇదే చేస్తాడా?

మేనకోడలు: దాదాపు అందరూ చేస్తారు. కొలవడం తేలిక కదా మామయ్యా. క్యూవెట్‌లో కళ్ల ముందే జరుగుతుంది, వేగం లెక్క కట్టుకోవచ్చు. అది పరీక్షే గానీ తయారీ కాదని మాకూ తెలుసు.

మామయ్య: తెలిస్తే మంచిదే. పారాసెటమాల్‌కి అమైనోఫినాల్ కావాలంటే ఏ ఫ్యాక్టరీ అయినా బోరోహైడ్రైడ్ బస్తాలు కుమ్మరిస్తుందా? హైడ్రోజన్ పెడుతుంది. సరే, అది వదిలెయ్. అసలు కథ చెప్పు. బొగ్గు మీద పల్లాడియం ఉండనే ఉంది. నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉంది. ఇప్పుడీ గ్రాఫీన్ ఎందుకు?

మేనకోడలు: రెండు నోబెళ్లు ఒకే ఏడాది వచ్చాయి చూడండి, 2010లో. కెమిస్ట్రీది హెక్, నెగిషి, సుజుకిలకి, పల్లాడియంతో కార్బన్‌కీ కార్బన్‌కీ ముడివేసినందుకు. ఫిజిక్స్‌ది గైమ్, నోవోసెలోవ్‌లకి, గ్రాఫీన్‌కి. ఆ రెండిటినీ కలపాలన్న ఆలోచన అంతకుముందే మొదలైంది. 2009లో జర్మనీలో ఫ్రైబుర్గ్ వాళ్లు గ్రాఫైట్ ఆక్సైడ్ మీదా, దాన్నుంచి చేసిన గ్రాఫీన్ మీదా పల్లాడియం ఎక్కించి సుజుకి రియాక్షన్ చేశారు. గంటకు 39,000 దాటిన టర్నోవర్. అంటే ఒక్కో పల్లాడియం పరమాణువు లెక్కన గంటకి అన్ని అణువులు. కారిపోయిన లోహం 1 పీపీఎం లోపే. 2011లో అమెరికాలో రిచ్‌మండ్ వాళ్లు మైక్రోవేవ్‌తో చేసి 1,08,000 అన్నారు. ఎనిమిదిసార్లు వాడినా యీల్డ్ తగ్గలేదట.

మామయ్య: గంటకి లక్షా ఎనిమిది వేలు! ఇంతకీ ఎన్ని గంటలు నడిచింది?

మేనకోడలు: నిమిషాల్లో అయిపోయింది.

మామయ్య: అంటే వీధి చివరిదాకా పోయిన బండికి గంటకిన్ని కిలోమీటర్లని స్పీడు కట్టారన్నమాట. తప్పనను. కానీ ఆ బండి వైజాగ్ దాకా పోతుందో లేదో నాకా అంకె చెప్పదు. ఎనిమిదిసార్లు వాడటం కూడా అంతే. పది నిమిషాల్లో అయ్యే రియాక్షన్‌ని గంటసేపు వదిలేసి చివర్న యీల్డ్ చూస్తే, ఉత్ప్రేరకం సగం చచ్చినా నూటికి నూరే కనబడుతుంది. సగం రియాక్షన్ దగ్గర ఆపి, ప్రతిసారీ వేగం కొలిచావా నువ్వు?

మేనకోడలు: మొదటి రెండుసార్లూ కొలిచాను.

(ఈ జవాబు విని ఆయన మురిసిపోయారు. పరీక్షలో పిల్లాడు దొరికినప్పుడు ఇన్విజిలేటర్ మొహం అలాగే ఉంటుంది.)

మేనకోడలు: ముందు నా మాట వినండి. మీ బొగ్గుకి గ్రాముకి వెయ్యి చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. ఒప్పుకుంటాను. కానీ అందులో ఎక్కువ భాగం సన్నటి చిల్లుల లోపలే. నాలుగు వలయాలున్న మందు అణువు అందులోకి దూరలేదు. లోపల కూర్చున్న పల్లాడియం దండగ. గ్రాఫీన్‌కి లోపలంటూ లేదు, రెండు వైపులా బయటే. లెక్క ప్రకారం గ్రాముకి 2,630 చదరపు మీటర్లు. పైగా మన అణువుల్లో ఉండేవి బెంజీన్ వలయాలు. గ్రాఫీన్ కూడా వలయాల రేకే కాబట్టి అవి దాని మీద వాలతాయి, లోహం పక్కకే వచ్చి చేరతాయి.

మామయ్య: లెక్క ప్రకారం అన్నావు. ఎండబెడితే ఆ రేకులు ఒకదాని మీదొకటి పడి మళ్లీ గ్రాఫైటే అవుతాయి కదా?

మేనకోడలు: అవుతాయి. మధ్యలో లోహపు రేణువులుంటే కొంత ఆగుతాయి. మచ్చ లేని గ్రాఫీన్ మీద లోహం నిలవదు. జారి, ఒకదానితో ఒకటి కలిసి పెద్ద ముద్దలవుతుంది. అందుకే ముందు గ్రాఫైట్ ఆక్సైడ్ చేస్తాం. దాని మీదుండే ఆక్సిజన్ గుంపులు పల్లాడియం అయాన్లని పట్టుకుంటాయి. తర్వాత క్షయకరణం చేస్తే అక్కడే చిన్న చిన్న రేణువులు పుడతాయి. ఆక్సిజన్ పోయిన చోట రేకులో మిగిలే లోపాలే లోహాన్ని పట్టి ఉంచేవి.

మామయ్య: అలా చెప్పు! నీకు కావలసింది చెడిపోయిన గ్రాఫీన్. బొగ్గు నిండా ఉండేవి అవే కదమ్మా, లోపాలూ ఆక్సిజనూ.

మేనకోడలు: బొగ్గులో ఎక్కడ ఏముందో తెలియదు. రేకు మీద చూడగలం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే రేణువులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. రియాక్షన్‌కి ముందు ఇంత, తర్వాత ఇంత లావయ్యాయని చూపించొచ్చు.

మామయ్య: చూడ్డానికైతే సరే. ఆ ఆక్సైడ్ ఎలా చేశావు? హమ్మర్స్ పద్ధతేనా?

మేనకోడలు: అదే. 1958 నాటిది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, సోడియం నైట్రేట్, పొటాషియం పర్మాంగనేట్.

మామయ్య: పర్మాంగనేట్ తొందరపడి పోస్తే?

మేనకోడలు: ఆకుపచ్చ నూనెలాంటి మాంగనీస్ హెప్టాక్సైడ్ వస్తుంది, వేడెక్కితే పేలుతుంది. మంచు మీద పెట్టి చెంచాడు చెంచాడు వేస్తాం. ఆ తర్వాత కడగడం. కడిగి, సెంట్రిఫ్యూజ్ చేసి, మళ్లీ కడగడం. చివరికొచ్చేసరికి జిగురులా తయారై గొట్టం గోడలకి పట్టేస్తుంది. నా పీహెచ్‌డీలో సగం ఆ కడగడమే.

మామయ్య: ఒక్క గ్రాముకే అంత కడిగావు. ఒక్క కిలోకి ఎంత ఆమ్లపు నీళ్లొస్తాయో చెప్పు. పటాన్‌చెరు పక్కన ఫ్యాక్టరీల మురుగు పారిన నక్కవాగు చూసిన వాడెవడూ ఇలాంటి ప్రాసెస్ కాగితం మీద సంతకం పెట్టడు. గ్రీన్ కెమిస్ట్రీ అని పైన రాసి, కింద ఇది చేస్తారు మీరు. ఇంకో మాట. అంత కడిగినా మాంగనీసు పోతుందా?

మేనకోడలు: పూర్తిగా పోదు.

మామయ్య: అదీ నా బాధ. పుమెరా అని ఒకాయన ఉన్నాడు, మార్టిన్ పుమెరా. లోహమే లేదన్న గ్రాఫీన్ ఉత్ప్రేరకాల్లో అసలు పని చేసేది అందులో మిగిలిపోయిన ఇలాంటి లోహపు మరకలేనని 2013లో చూపించాడు. 2020లో ఇంకా ముందుకెళ్లి, పక్షి రెట్టలు కలిపి గ్రాఫీన్ చేస్తే మామూలు దానికంటే మెరుగ్గా పని చేసిందని అచ్చేశాడు. ఏ చెత్త వేసినా పని చేస్తుందా అని పేపరు పేరులోనే అడిగాడు! సొమ్మొకడిది, సోకొకడిది.

మేనకోడలు: అది విద్యుత్ ఉత్ప్రేరణ మామయ్యా. ఆక్సిజన్ క్షయకరణం, హైడ్రోజన్ పుట్టించడం. దాన్ని తెచ్చి నా సుజుకి మీద రుద్దకండి. నేను పల్లాడియం కావాలనే వేశాను, లేదని అనలేదు.

మామయ్య: సుజుకి సంగతే చెబుతాను విను. 2003లో లెడ్‌బీటర్ అనే ఆయన ఏ లోహమూ లేకుండానే సుజుకి జరిగిందన్నాడు. నీళ్లు, మైక్రోవేవ్, సోడియం కార్బొనేట్, అంతే. లోకమంతా ముక్కున వేలేసుకుంది. 2005లో వాళ్లే మళ్లీ వెతికితే ఏం దొరికింది? షాపులో కొన్న సోడియం కార్బొనేట్‌లో పల్లాడియం. 50 పీపీబీ. బిలియన్ పాళ్లలో యాభై! ఆ మాత్రంతో సుజుకి నడిచిపోయింది. అలాంటప్పుడు నీ గ్రాఫీన్ గొప్పా, దాన్నుంచి జారి ద్రావణంలో పడ్డ నాలుగు పరమాణువులు గొప్పా?

ఇక్కడ ఆ అమ్మాయి తగ్గుతుందనుకున్నాను. తగ్గకపోగా గొంతు పెంచింది.

మేనకోడలు: మరక పని చేస్తే మరకని మెచ్చుకోవాలి గానీ నవ్వుతారెందుకు? ఇక్కణ్నుంచి సముద్రం వెంబడి పోతే సూర్ వస్తుంది. అక్కడ ఒమన్ ఇండియా ఫర్టిలైజర్ కంపెనీ ఉంది. సగం వాటా మన ఇఫ్‌కో, క్రిభ్‌కోలది. 2005 నుంచి అక్కడ చేసిన యూరియా ఏళ్ల తరబడి మన దేశానికే వచ్చింది. అందులో అమ్మోనియా ఎలా వస్తుంది? ఇనుప ఉత్ప్రేరకం మీద. ఆ ఇనుము ఎలా దొరికింది? జర్మనీలో బీఏఎస్‌ఎఫ్‌లో మిట్టాష్ వేల పదార్థాలు పరీక్షించాడు. శుద్ధమైన ఇనుము సరిగ్గా పని చెయ్యలేదు. స్వీడన్ గనిలో దొరికిన మాగ్నటైట్ చేసింది. ఎందుకని వెతికితే అందులో అల్యూమినా లాంటి మరకలున్నాయి. అప్పుడు ఆ మరకల్నే కొలిచి కలపడం మొదలెట్టారు. మన వరి పొలాల్లో వేసిన యూరియా ఆ మరకల పుణ్యమే.

మామయ్య: వాళ్లు కొలిచి కలిపారు తల్లీ. మీరు కొలవకుండా పేరు పెడుతున్నారు. 2018లో ఒక సింగపూర్ ప్రొఫెసర్ బృందం ప్రపంచంలో గ్రాఫీన్ అమ్మే 60 కంపెనీల సరుకు పరీక్షిస్తే, ఎక్కువ వాటిలో నిజమైన గ్రాఫీన్ పది శాతం కూడా లేదు. మిగిలింది గ్రాఫైట్ పొడి.

మేనకోడలు: నేను కొనలేదు, చేసుకున్నాను. వేడి వడపోత పరీక్ష కూడా చేశాను. సగం రియాక్షన్‌లో వేడి మీదే వడగట్టి, ఉత్ప్రేరకం తీసేసి, మిగతా ద్రావణాన్ని అలాగే నడిపించాను. ఆగిపోయింది. లోహం పనిని ఆపే పాదరసం కలిపినా ఆగిపోయింది.

మామయ్య: వడగట్టే లోపల ద్రావణంలో ఉన్న పల్లాడియం మళ్లీ పోయి రేకు మీద కూర్చుంటే? చల్లారితే, హాలైడ్ ఖర్చైపోతే, అది తిరిగి గూటికి చేరుతుందని మీ వాళ్లే రాశారు. గ్రాఫీన్ దానికి ఇల్లు. పని బయట చేసుకొస్తుంది.

మేనకోడలు: చేసుకురానివ్వండి. సాయంత్రానికి ఇంటికి చేరితే చాలు కదా! మందులో మిగలకుండా ఉండటమే మీకు కావలసింది. బయట చేసిందా లోపల చేసిందా అన్నది నాకు ప్రశ్న, మీక్కాదు.

మామయ్య: ఇది బాగా అన్నావు. ఐసీహెచ్ రూలు ప్రకారం నోటితో వేసుకునే మందుల్లో పల్లాడియం రోజుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదు. రోజుకి పది గ్రాముల మందు వేసుకునే వాడి లెక్కన 10 పీపీఎం. మెర్క్ వాళ్లు లోసార్టాన్‌లో రెండు వలయాల్ని కలిపింది సుజుకితోనే. అది బీపీ బిళ్ల. జీవితాంతం వేసుకునేది. ఆ పది పీపీఎం కోసం మేం పడే పాట్లు నీకు తెలియవు. ఇక నీ గ్రాఫీన్ నుసిని వడగట్టేదెలాగో చెప్పు. స్పార్క్లర్ ఫిల్టర్‌లో పోస్తే గుడ్డకి పట్టేసి పావుగంటలో ప్రెషర్ లేస్తుంది. నీ సెంట్రిఫ్యూజ్ గొట్టం కథ అక్కడ టన్ను మీద జరుగుతుంది.

మేనకోడలు: ఐరన్ ఆక్సైడ్ కలిపి అయస్కాంతంతో లాగెయ్యొచ్చు.

మామయ్య: ఐదు వేల లీటర్ల గ్లాస్ లైన్డ్ రియాక్టర్‌కి అయస్కాంతం ఎక్కడ తగిలిస్తావ్?

(వాళ్లాయన నవ్వాపుకోలేక టీ పెట్టడానికి లేచారు.)

మేనకోడలు: పోనీ, మీ పల్లాడియం కార్బన్‌తో మీరేం సుఖపడ్డారు?

మామయ్య: సుఖమా! ఒక కంపెనీలో, పేరెందుకులే, హైడ్రోజనేషన్ అయ్యాక మెథనాల్‌లోంచి నట్ష్ ఫిల్టర్‌లో వడగడుతున్నాం. నైట్ షిఫ్ట్ కుర్రాడు వాక్యూమ్ ఆపలేదు. కేకు మీద నీళ్లు పొయ్యలేదు. నైట్రోజన్ లేదు. కేకు ఆరి పగుళ్లిచ్చింది. ఆ పగుళ్లలోంచి గాలి పీల్చింది. పల్లాడియం ఇంకా హైడ్రోజన్ పట్టుకునే ఉంది. నల్లటి కేకు మీద ముందు ఒక చోట ఎర్రటి చుక్క, ఆనక ఇంకో చోట. బొగ్గుల కుంపటిలా కాదు, చుక్క చుక్కగా పాకుతూ వస్తుంది. మెథనాల్ మంట పగలు కంటికి కూడా కనబడదు, రాత్రి నీలంగా కనబడింది. కుర్రాడి కనుబొమలు పోయాయి, ప్రాణం దక్కింది. ఆ తర్వాత నేనున్న చోటల్లా కేకు తడి ఆరకుండా చూడటమే నా మొదటి పని.

మేనకోడలు: మరి అలాంటిదాన్ని పట్టుకు వేళ్లాడతారెందుకు?

మామయ్య: దాని చెడ్డతనం నాకు తెలుసు కాబట్టి. డ్రమ్ము మీద పది శాతం అని ఉంటే పది శాతమే. వాడేశాక తడి కేకుని రిఫైనర్‌కి పంపితే పల్లాడియం లెక్కగట్టి తిరిగిస్తాడు. 2022 మార్చిలో పల్లాడియం ఔన్సు 3,000 డాలర్లు దాటిందమ్మా. ఫిల్టర్ గుడ్డకి పట్టిన నలుపుని కూడా దాచారు మావాళ్లు. నీ గ్రాఫీన్ మీదున్నదాన్ని ఎవడు తీసుకుంటాడు?

మేనకోడలు: కాల్చేస్తే కార్బన్ పోతుంది, లోహం మిగులుతుంది. రెండిటికీ ఒకటే దారి. సరే, లోహాన్ని మోసే ఆధారం ఏదైనా ఒకటేనన్నట్టు మాట్లాడుతున్నారు గనక మన ఊరి సంగతే చెబుతాను. తార్నాకలో ఐఐసీటీ. 2002లో బీఎం చౌదరి, లక్ష్మీకాంతం వాళ్లు లేయర్డ్ డబుల్ హైడ్రాక్సైడ్ మీద నానో పల్లాడియం ఎక్కించి, క్లోరోబెంజీన్లతో హెక్, సుజుకి, సోనోగషిరా, స్టిల్లే నాలుగూ చేశారు. అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో వచ్చింది. బ్రోమో, అయోడోలతో ఎవరైనా చేస్తారు. క్లోరో చవక, కానీ ఆ బంధం కదలదు. అది ఎందుకు కదిలింది? ఆధారం క్షార గుణమున్నది. పల్లాడియంకి ఎలక్ట్రాన్లు అందించింది. అదే లోహాన్ని వేరే చోట కూర్చోబెడితే ఆ పని అంత బాగా చెయ్యలేదు. ఆధారం కుర్చీ మాత్రమే కాదు మామయ్యా.

మామయ్య: చౌదరిగారి పని నాకు తెలుసు, కాదనను. అందులో గ్రాఫీన్ లేదుగా.

మేనకోడలు: లేదు. ఆధారం పని చేస్తుందనడానికి సాక్ష్యం అది. ఇప్పుడు మీకు పనికొచ్చేదే చెబుతాను. నైట్రో గుంపుని అమీన్ చెయ్యాలి, అదే వలయం మీద క్లోరిన్ ఉంది. పల్లాడియం కార్బన్ ఏం చేస్తుంది?

మామయ్య: క్లోరిన్‌ని కూడా ఊడగొడుతుంది. డెస్‌క్లోరో ఇంప్యూరిటీ. దాన్ని తియ్యడానికి మళ్లీ రెండు క్రిస్టలైజేషన్లు, పది శాతం సరుకు మదర్ లిక్కర్‌లో పోతుంది. నా జుట్టు తెల్లబడింది దాంతోనే.

మేనకోడలు: 2013లో రోస్టాక్‌లో బెల్లర్ బృందం సైన్స్ పత్రికలో ఒకటి వేసింది. మొదటి పేరు మన దేశం నుంచి వెళ్లిన రాజేనహళ్లి జగదీశ్‌ది. ఐరన్ ఆక్సైడ్ రేణువులు, వాటి చుట్టూ నైట్రోజన్ కలిసిన గ్రాఫీన్ పొరలు. నైట్రో ఒక్కటే పోతుంది. హాలోజన్ ఉంటుంది, డబుల్ బాండ్ ఉంటుంది. పల్లాడియం లేదు, హమ్మర్స్ లేదు, పర్మాంగనేట్ లేదు. ఐరన్‌నీ ఫినాంథ్రొలీన్‌నీ కలిపి కార్బన్ మీద వేసి 800 డిగ్రీల దగ్గర కాలిస్తే గ్రాఫీన్ తనంతట తనే లోహం చుట్టూ పెరుగుతుంది. 2017లో వాళ్లే కోబాల్ట్‌తో చేసి రకరకాల అమీన్లు తయారు చేశారు.

మామయ్య: ఆగాగు. దేని మీద వేసి కాల్చారన్నావ్?

మేనకోడలు: కార్బన్ మీద.

మామయ్య: బొగ్గు మీద!

మేనకోడలు: కార్బన్ బ్లాక్ మీద.

మామయ్య: చివరికి నా దగ్గరికే వచ్చావు. మరి కోబాల్ట్ అన్నావు. దాని పరిమితి తెలుసా? నోటి మందుల్లో రోజుకి 50 మైక్రోగ్రాములు. పల్లాడియంలో సగం. చవక లోహమని సంబరపడి తీసుకొస్తే క్యూసీ దగ్గర ఇంకా గట్టిగా పట్టుకుంటారు.

మేనకోడలు: ఐరన్‌కి ఆ గొడవ లేదు. ఐసీహెచ్ పట్టికలో దానికి పరిమితే పెట్టలేదు.

మామయ్య: ఐరన్ ఎంత ప్రెషర్‌లో చేసింది?

మేనకోడలు: 50 బార్లు. 120 డిగ్రీలు.

మామయ్య: మా ఆటోక్లేవ్ పది బార్లు దాటితే సేఫ్టీ వాల్వ్ కంటే ముందు సేఫ్టీ ఆఫీసర్ ఎగిరిపడతాడు. యాభై బార్ల పాత్ర కొనాలంటే యాజమాన్యాన్ని ఒప్పించాలి. అయితే ఒకటి. డెస్‌క్లోరో నిజంగా రాకపోతే, ఆ రెండు క్రిస్టలైజేషన్ల ఖర్చు, మదర్ లిక్కర్‌లో పోయే సరుకు ఖర్చు కలిపి చూస్తే పాత్ర డబ్బులు గిట్టొచ్చు. ఆ లెక్క మీ పేపర్లో ఉందా?

మేనకోడలు: లేదు. ఆ లెక్క మీరు రాయాలి.

మామయ్య: రాస్తాను. కానీ ముందు నాకు పక్కపక్కన పెట్టిన పరీక్ష కావాలి. నీ గ్రాఫీన్ ఒక ఫ్లాస్కులో, దుకాణంలో దొరికే పల్లాడియం కార్బన్ ఒకదాంట్లో. లోహం గ్రాములు సమానం. మూడోదాంట్లో లోహం లేని ఉత్త గ్రాఫీన్. నాలుగోదాంట్లో అదీ లేకుండా కార్బొనేట్ ఒక్కటే. నాలుగిట్లోంచీ పది నిమిషాలకొకసారి శాంపిల్. వడగట్టిన ద్రావణంలో పల్లాడియం, మాంగనీసు రెండూ ఐసీపీలో కొలవాలి. ఈ పట్టిక ఉన్న పేపరు తెస్తే మొదటి పేజీ నుంచి చదువుతాను.

మేనకోడలు: తెస్తాను. ఒక్కటడుగుతాను, కోప్పడకండి. మీ పల్లాడియం కార్బన్‌కి ఈ పరీక్షలు ఎప్పుడైనా చేశారా? ఉత్త బొగ్గు ఒక ఫ్లాస్కులో, కార్బొనేట్ ఒక్కటే ఇంకో ఫ్లాస్కులో?

మామయ్య: ఎందుకు చేస్తాం? బ్యాచ్ పాసవుతోంది కదా.

మేనకోడలు: అంటే మీ బ్యాచ్‌లో పని చేసింది బొగ్గు మీదున్న పల్లాడియమో, దాన్నుంచి కారిందో, పాత బ్యాచ్‌ది రియాక్టర్ గోడకి అంటుకుని మిగిలిందో మీకూ తెలియదు.

మామయ్య: తెలియదు. రియాక్టర్ గోడ గురించి మాత్రం బయట అనకు. క్లీనింగ్ వాలిడేషన్ మీద సంతకం నాదే.